వడగట్టని తేనీరు

గాజుగ్లాసులో మంచుముక్కలు, వాని నడుమ తెల్లని పాలు, పాలమీద లేబచ్చిక రంగు ద్రవము. ఆ పచ్చదనము సన్నని తీగలై పాలలోనికి దిగుచుండగా చూచుట కన్నులకు పండువుగా నుండును. దీనినే చల్లని మాచా లాటే అందురు. మాచా జపాను మాట. పొడిచేసిన తేయాకు అని అర్థము. లాటే ఇటలీ మాట, అనగా పాలు. టోక్యో, లండను, న్యూయార్కు నగరముల కాఫీశాలలలో ప్రసిద్ధికెక్కిన ఈ పానీయము ఇటీవల హైదరాబాదునకును వచ్చి చేరినది. అచటి ధర చూచి, ఇంటనే చేసికొనవచ్చునుగదా యని పొడిడబ్బా కొని తెచ్చుకొనువారును పెరుగుచున్నారు.

తెచ్చుకొన్నవారిలో పలువురకు తొలి ప్రయత్నమున ఆశాభంగమే మిగులును. చల్లని పాలలో ఒక చెంచాడు పొడి వేసి గిరగిర త్రిప్పుదురు. పొడి ఉండలు కట్టి పైకి తేలును. ఎంత త్రిప్పినను ఉండ పగులదు. పగిలినచో లోపల పొడి పొడిగానే యుండును. నోటికి ఒక గ్రుక్క చప్పగా, మరియొక గ్రుక్క చేదుగా తగులును. ఆ చేదును చక్కెరతో కప్పిపుచ్చుదురు. నాలుగు దినములైన పిమ్మట డబ్బా అలమర మూలకు చేరును. పొడి మంచిది కాదను నింద మాత్రము నిలిచిపోవును.

ఆ నింద న్యాయమైనది కాదు. తక్కిన తేనీళ్లకును మాచాకును ఒక మౌలికమైన భేదము కలదు. సాధారణముగా తేయాకును నీటిలో మరగించియో, నానబెట్టియో, సారము దిగిన పిమ్మట వడగట్టి పిప్పిని పారవేయుదురు. మాచాలో పారవేయునది ఏమియు లేదు. ఆకే పొడి, ఆ పొడియే పానీయము. అది నీటిలో చక్కెరవలె కరగదు, గంధమువలె తేలియాడుచుండును. కావున తోటలో రైతు చేసిన మంచియు, వంటింట చేతిచెంచా చేసిన తప్పును, రెండును గ్లాసులోనే యుండును. వడపోత లేనిచోట పొరపాటును తీసి పారవేయుటకు దారి లేదు. ఈ ఒక్క విషయము తెలిసినచో ఈ పానీయమును గూర్చిన నియమములన్నియు వానియంతట అవియే బోధపడును.

తేయాకును పొడిచేసి వేడినీట చిలికి త్రాగు ఆచారము జపానులో పుట్టినది కాదు. చీనాదేశమున సుంగ్ రాజుల కాలమున అది మిక్కిలి ప్రచారములో నుండెను. ఆ వంశమునకు చెందిన హ్వైజుంగ్ చక్రవర్తి 1107 ప్రాంతమున స్వయముగా తేయాకుపై ఒక గ్రంథమునే రచించెను. 1191లో చీనానుండి స్వదేశమునకు మరలివచ్చిన ఐసాయి యను బౌద్ధభిక్షువు తేయాకు విత్తులను, ఈ పానవిధానమును జపానునకు తెచ్చెనని ప్రసిద్ధి. ఆయన 1211లో రచించిన 'కిస్సా యోజోకి' యను గ్రంథము తేనీటిని ఆయురారోగ్యములకు ఔషధముగా వర్ణించినది. 1214లో, మునుపటి రాత్రి మద్యము మితిమీరి సేవించి బాధపడుచున్న షోగను సనెతోమోకు ఐసాయి ఒక పాత్ర తేనీరును, దానితోపాటు తన గ్రంథమును సమర్పించెనని ఆనాటి చరిత్రగ్రంథము చెప్పుచున్నది.

చీనాలో 1391లో మింగ్ వంశపు మొదటి చక్రవర్తి, ముద్దలుగా నొత్తిన తేయాకును కప్పముగా చెల్లించు పద్ధతిని రద్దుచేసెను. క్రమముగా విడి ఆకును నానబెట్టి త్రాగుటయే అచట వాడుకయై, చిలికిన తేనీరు మరుగుపడెను. జపానులో మాత్రము అది నిలిచినది. నిలుచుటయే కాదు, ఒక కళగా రూపొందినది. సెన్ నో రిక్యూ (1522–1591) ఆడంబరమును తొలగించి, ఇరుకైన పూరిగదిలో, మోటైన మట్టిపాత్రలో, అతిథి కనులయెదుట తేనీరు చిలికి యిచ్చుటయే ఘనమైన ఆతిథ్యమని నిలబెట్టెను. అట్టి వానిని 1591లో పాలకుడైన హిదెయోషి ప్రాణత్యాగము చేయుమని శాసించెను. రిక్యూ శాసనమునకు తలయొగ్గెను గాని, ఆయన తీర్చిన సంప్రదాయము నేటికిని సజీవముగా నున్నది.

పాలు, మంచుముక్కలు, గాజుగ్లాసు ఆ సంప్రదాయములోనివి కావు. అట్లని చల్లని లాటేకును ఆ పూరిగదికిని సంబంధమే లేదనుట పొరపాటు. పొడిని జల్లించుట, తగిన వేడిగల నీటిని కొలిచి పోయుట, వెదురుకుంచెతో చిలుకుట, ఈ మూడును అక్కడినుండి వచ్చినవే. లాటే చేయువారు ఈ మూడింటిని విడుచుటచేతనే ఉండలును చేదును దాపురించుచున్నవి.

వంటింటికి పోవుటకు ముందు తోటలోనికి తొంగిచూడవలెను. క్యోటో సమీపమున నున్న ఉజి ప్రాంతము మాచాకు పెట్టినది పేరు. అచటి రైతులు వసంతకాలపు తొలికోతకు సుమారు ఇరువది దినములు, ఒక్కొక్కచో అంతకు మించి ముందుగా, తోటపై పందిళ్లు వేయుదురు. పూర్వము రెల్లుచాపలు పరచి వానిపై వరిగడ్డి కప్పెడివారు. నేడు పెక్కుచోట్ల నల్లని వలబట్ట వాడుచున్నారు. ఎండ మరుగుపడగానే ఆకు దొరికిన కొద్ది వెలుతురును పట్టుకొనుటకై పత్రహరితమును పెంచుకొనును. అందుచే ఆ గాఢమైన పచ్చదనము. తేయాకు వేళ్లలో పుట్టు థియనైన్ అను పదార్థము ఆకులోనికి ప్రాకును. దీనిని 1949లో జపాను శాస్త్రజ్ఞులే తేయాకునుండి వేరుచేసిరి. నోటికి తియ్యని కమ్మదనము నిచ్చునది ఇదియే. ఎండ సోకిన ఆకులో థియనైన్ తరిగి, వగరును చేదును కలిగించు కాటెకిన్లు పెరుగును. నీడలో పెరిగిన ఆకులో ఆ మార్పు మందగించును. అనగా మాచాలోని మాధుర్యము నీడ యిచ్చిన వరము.

కోసిన ఆకును ఆలసింపక కొన్ని సెకనులపాటు ఆవిరిపట్టుదురు. దానిచే రంగు నిలుచును. తక్కిన పచ్చ తేయాకువలె దానిని నలుపరు. పరచి ఎండబెట్టి, ఈనెలును కాడలును వేరుచేయుదురు. మిగిలిన లేతరేకులకు తెంచా అని పేరు. తెంచాను తిరగలిలో విసరినదే మాచా. మంచిరకపు మాచాను ఇప్పటికిని రాతి తిరగలిలోనే విసరుదురు. తిరగలి వేగముగా తిరిగినచో రాయి వేడెక్కి సువాసన చెడును. కావున అది నెమ్మదిగా తిరుగును; ఒక గంట తిరిగినచో రాలునది 30 నుండి 40 గ్రాముల పొడి మాత్రమే. అంగడిలో దొరకు చిన్నడబ్బా సాధారణముగా 30 గ్రాములది. ఒక డబ్బా యనగా దాదాపు ఒక గంట తిరగలి పని. ఒక గ్లాసు లాటేకు 3 గ్రాములు పట్టుననుకొన్నచో, ఆ గ్లాసు వెనుక అయిదారు నిమిషముల విసురు కలదన్నమాట. పెద్ద యంత్రములలో త్వరగా పొడిచేసిన చౌకరకములును కలవు. వాని వాడుక వేరు.

ఇంత నెమ్మదిగా వచ్చినదానిని అరనిమిషములో పాడుచేయక, అయిదు నిమిషములు కేటాయించి చక్కగా చేసికొను విధము ఇది. ఒక గ్లాసునకు 3 గ్రాముల మాచా, 60 మిల్లీలీటర్ల వేడినీరు, 150 నుండి 180 మిల్లీలీటర్ల చల్లని పాలు, అయిదారు మంచుముక్కలు కావలెను. తలగొట్టిన చిన్న చెంచాడు పొడి సుమారు 2 గ్రాములుండును. కావున చెంచాన్నర సరిపోవును.

మొదట జల్లించుట. మాచా పొడి మైదాపిండికంటెను మిక్కిలి మెత్తన. మెత్తనగుటచేతనే డబ్బాలో ఒత్తుకొని యుండి, రేణువులు ఒకదానినొకటి అంటుకొనును. అట్టి గడ్డపై నీరు పడగానే పైపొర తడిసి జిగురై, లోపలికి నీటిని పోనీయదు. ఉండ పుట్టుటకు కారణమిదియే. సన్నని టీ వడపోతలో పొడిని వేసి చెంచాతో మెల్లగా రాపిడి చేసి గిన్నెలోనికి దింపినచో ఆ గడ్డలన్నియు విడిపోవును. పానీయము తయారైన పిదప వడగట్టరాదు గనుక, ఈ వడపోతను ముందే చేసికొనవలెనని అర్థము.

పిమ్మట నీరు. సలసల మరగు నీరు పనికిరాదు; అది చేదును రెచ్చగొట్టి సువాసనను చెరచును. 75 నుండి 80 డిగ్రీల వేడి తగినది. ఉష్ణమాపకము లేకున్నను చింతింపనక్కరలేదు. మరగిన నీటిని ఒక చల్లని పాత్రలోనికి, అందుండి మరియొక పాత్రలోనికి మార్చినచో మార్చినప్పుడెల్ల సుమారు పది డిగ్రీల వేడి తగ్గును. జపానువారు ఇందుకై ఒక ప్రత్యేకపాత్రనే వాడుదురు. కాఫీని గ్లాసునుండి గిన్నెలోనికి తిరుగబోసి చల్లార్చు తెలుగువారికి ఇది క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

మూడవది చిలుకుట. కొలిచిన నీరంతయు ఒక్కసారి పోయక, ముందు రెండు చెంచాల నీరు పోసి పొడిని నున్నని ముద్దగా కలుపవలెను. రాగిజావ కాచు ఇల్లాలు పిండిని ముందుగా కొద్ది నీటిలో కలుపుకొని పిదప ఎసరులో పోయును. ఇచటి ధర్మమును అదియే. ముద్ద నునుపైన తరువాత మిగిలిన నీరు పోసి చిలుకవలెను. జపానువారి వెదురుకుంచెకు చాసెన్ అని పేరు. నారా ప్రాంతమున ఇకోమా పట్టణములోని తకయామా ఈ కుంచెలకు ప్రసిద్ధి. ఒకే వెదురుముక్క చివరను సన్నగా చీల్చి దీనిని చేయుదురు. ఎనుబది, నూరు, నూటయిరువది పుల్లల కుంచెలు కలవు. వాడుటకు ముందు కుంచెను గోరువెచ్చని నీటిలో కొంచెముసేపు నానబెట్టినచో పుల్లలు విరుగవు. మజ్జిగ కవ్వమువలె దీనిని గుండ్రముగా త్రిప్పరు. మణికట్టును వదులుగా నుంచి, ముందునకు వెనుకకు వడిగా కదల్తురు. పదునైదు ఇరువది సెకనులలో సన్నని నురుగు పైకి వచ్చును.

కుంచె లేనివారు నురుగుచేయు చిన్న విద్యుత్కవ్వమును వాడవచ్చును. బిగువైన మూతగల సీసాలో పోసి కుదుపుటయు ఒక ఉపాయమే. కాని మూసిన సీసాలో వేడినీటిని కుదిపినచో ఆవిరి ఒత్తిడికి మూత ఎగురు ప్రమాదము కలదు. కావున ఆ పద్ధతికి చల్లని నీటినే వాడుట క్షేమము. చల్లని నీటితో చేసినది చేదు తక్కువగా, తేలికగా నుండును. వేడినీట వికసించు సువాసన మాత్రము అంతగా రాదు.

ఇక కూర్పు. గ్లాసులో మంచుముక్కలు వేసి, పాలు పోసి, వానిపై చిలికిన మాచాను మంచుముక్కల మీదుగా నెమ్మదిగా పోయవలెను. పాలు నీటికంటె కొంచెము బరువైనవి. కావున పచ్చని ద్రవము కొంతసేపు పైననే నిలిచి, పిదప పాయలుగా దిగును. తీపి కోరువారొక విషయము గమనింపవలెను. చల్లని పాలలో చక్కెర సులభముగా కరగదు. వేడి మాచాలో వేసినచో కరగును గాని, అది బరువెక్కి పాలలో కలిసిపోవుటచే రెండు రంగుల అందము పోవును. చక్కెరపాకమును ముందుగా పాలలో కలుపుకొన్నచో రుచియు అందమును రెండును దక్కును. బెల్లపు పాకము, తేనె వంటివి తమ వాసనతో మాచాను మ్రింగివేయును గనుక మితముగా వాడవలెను.

పాలలోని మాంసకృత్తులు వగరు కలిగించు కాటెకిన్లను పట్టుకొనును. ఒంటరిగా కటువుగా తోచు మాచా పాలతో మెత్తబడుట ఇందువలననే. అయితే చిక్కని గేదెపాలలో దాని పరిమళము అణగిపోవును; వెన్న తక్కువగా నున్న పాలు మేలు. కాచి చల్లార్చిన పాలైనచో మీగడతరక నోటికి అడ్డుపడకుండ వడగట్టుకొనవలెను. పాలు పడనివారు సోయాపాలు, ఓట్సుపాలు వాడుచున్నారు.

పొడిని ఎన్నుకొనుటలో మాటలకంటె కన్నును నమ్ముట మంచిది. విదేశపు డబ్బాలమీద ఆచారపానమునకు తగినదని, వంటకు తగినదని ఆంగ్లమున ముద్రించు తరగతులు వర్తకులు పెట్టుకొన్నవి; జపానులో అట్టి శాసనబద్ధమైన విభాగము లేదు. నిగనిగలాడు పచ్చని పొడి నీడలో పెరిగిన లేతాకుదని, పసుపో గోధుమో కలిసిన మందపురంగు ముదురాకుదో ప్రాతదో యని సాధారణముగా గుర్తింపవచ్చును. నీడలేక పెంచిన తేయాకును పొడిచేసి మాచా పేరుతో అమ్ముటయు కలదు. డబ్బామీది వివరములలో చక్కెరయో పాలపొడియో కనబడినచో అది కేవల మాచా కాదు.

డబ్బా తెరచిన తరువాత వెలుతురు, వేడి, తేమ, గాలి నాలుగును దానికి శత్రువులు. బిగువుగా మూసి చల్లని పెట్టెలో నుంచి, నెల రెండు నెలలలో వాడుకొనవలెను. చల్లని డబ్బాను బయటకు తీయగానే మూత తెరచినచో గాలిలోని తేమ పొడిపై చెమటగా దిగును. కొంతసేపు అట్లే యుంచి గది వేడికి వచ్చిన పిదప తెరచుట యుక్తము. తెలుగునాట వర్షకాలమున ఈ జాగ్రత్త మరింత అవసరము.

ఇది కేవలము రుచికి సంబంధించిన ముచ్చటగా నిలువలేదు. ప్రపంచమునలుమూలల మాచాపై మోజు పెరుగుటచే 2024 శరదృతువున క్యోటోలోని పేరుపొందిన దుకాణములు కొన్ని ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలేయని పరిమితి విధింపవలసివచ్చినది. 2025 వసంతమున తెంచా ధరలు మిక్కుటముగా పెరిగినవి. కోరిక పెరిగినంత త్వరగా పంట పెరుగదు. నాటిన తేమొక్క కోతకు వచ్చుటకు సుమారు అయిదేండ్లు పట్టును. పందిళ్లు వేయుటకు, తెంచాను ఆరబెట్టు పొయ్యిలు కట్టుటకు ధనము కావలెను. జపాను తేయాకు రైతులలో వృద్ధులే అధికము. తోటలను చేపట్టు పిల్లలు తగ్గుచున్నారు. తిరగలియు మునుపటివలె నెమ్మదిగనే తిరుగుచున్నది.

ఇట్టి సమయమున ఇంట లాటే చేసికొనువారు పాటింపదగిన మర్యాద ఒకటి కలదు. నీటితో మాత్రమే చిలికి, చిక్కగా త్రాగుటకై తయారుచేసిన అత్యుత్తమపు పొడిని పాలలోను చక్కెరలోను ముంచుట వలన లాభము లేదు. దాని సున్నితమైన రుచి పాలలో తెలియదు. ఆ పొడినే ఆశ్రయించిన తేనీటి గురువులకు, వారి శిష్యులకు అది దొరకకపోవును. లాటేకు కొంత వగరు మిగిలియున్న మధ్యరకపు పొడియే నిజమునకు తగినది. పాలను దాటి నోటికి తగులు బలము దానికే కలదు. ధరలో తక్కువ, రుచిలో అనుకూలము.

ఆరోగ్యమును గూర్చి అంగడివారు చెప్పు గొప్పలను కొంత తగ్గించియే వినవలెను. ఆకునంతటిని త్రాగుటచే దానిలోని పదార్థములన్నియు దేహమున చేరుననుట నిజము. అంతమాత్రమున అది రోగములను మాన్పుననుటకు తగిన నిదర్శనము లేదు. మేలు చేయునది ఎట్లు చేరునో, కెఫీనును అట్లే చేరును. రకమునుబట్టి ఒక గ్రాము మాచాలో సుమారు 20 నుండి 40 మిల్లీగ్రాముల కెఫీను ఉండును. అనగా 3 గ్రాముల లాటే ఒక మంచి కాఫీకి తీసిపోదు. నిద్రపట్టనివారు సాయంకాలమున దీని జోలికి పోకుండుట మంచిది. తేయాకులోని కాటెకిన్లు ఆకుకూరలు, పప్పులనుండి వచ్చు ఇనుమును దేహము గ్రహింపకుండ కొంత అడ్డగించును. రక్తహీనత గలవారు, అందును స్త్రీలు, భోజనముతో పాటు దీనిని త్రాగక, గంట రెండు గంటలు ఎడముంచుట క్షేమము. గర్భవతులు వైద్యుని అడిగి త్రాగవలెను.

చేసిన వెంటనే త్రాగవలెననునది చివరి నియమము. మంచు కరగినకొలది రుచి పలుచబడును; పొడి అడుగునకు చేరును. ఎంత శ్రద్ధతో చేసినను గ్లాసు అడుగున పచ్చని మడ్డి కొంచెము మిగులును. కొందరు దానిని కడిగి తొట్టిలో పారబోయుదురు. రెండు చెంచాల పాలు పోసి, గ్లాసును ఒకసారి గిరగిర త్రిప్పి త్రాగుట తెలిసినవారి పని. ఎక్కడనో ఒక రైతు ఇరువది దినములు ఎండనుండి కాపాడిన ఆకది. ఒక తిరగలి నిమిషముపాటు తిరిగి రాల్చిన పొడి యది.